కాలికింద మన్ను

కువైట్‌ గ్యారేజీలో పనిచేసి వచ్చిన మా పక్కింటి రఫీ, తుక్కుగా కొన్న పాత అమెరికా కారును బాగుచేసి ప్రొద్దుటూరులో మా వీధిలో నిలిపాడు. ఇంజన్‌ ఆడుతోంది. అద్దంలా మెరిసే బంపరు, ఎర్రతోలు సీట్ల కుట్లు, బానెట్టు మీది తెల్లచారలు ఒంగి ఒంగి చూశాను.

"శానా బాగుందప్పా!" అన్నానో లేదో, ఇంజన్‌ ఆగిపోయింది.

రఫీ వాళ్లమ్మ ఉప్పు, ఎండుమిరపకాయలు తెచ్చింది. "ఆడనే నిలబడు నాయనా, కదలొద్దు" అంటూ, వీధంతా చూస్తుండగా నా కాలికింద మన్ను తీసి, వాటిలో కలిపి కారుకు దిష్టి తీసింది. దొంగలా నిలబడ్డాను. ఆలోపు రఫీ ట్యాంకు ఖాళీ అయిందని గమనించి పెట్రోలు పోశాడు. కారు కదిలింది.

"చూస్తివా, దిష్టి పోయింది!" అందామె.

ఇప్పటికీ ఎవరి వస్తువునైనా మెచ్చుకోవాలంటే, ముందు సిమెంటు రోడ్డు మీదికి జరిగి నిలబడతాను.