కర్నూలు పైన, తిరుపతి కింద

పోయిన వారం మా వీధి చివరి ఇంటామె ఫోన్ పట్టుకొని వరండాలోకి వచ్చింది. వాళ్లమ్మాయికి నీట్‌లో ర్యాంకు వచ్చిందట. వెబ్ ఆప్షన్లలో ఏ కాలేజీలు రాయాలో, ఏది ముందు, ఏది వెనక పెట్టాలో చెప్పమంది. ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన మనిషిని కాబట్టి ఇలాంటివన్నీ నాకు తెలిసి ఉంటాయని తిరుపతిలో మా వీధివాళ్లకు ఒక నమ్మకం. "ఏదైనా అడుగు గానీ, అది మాత్రం నన్నడగొద్దమ్మా" అన్నాను. వంటింట్లోంచి మా ఇంటావిడ నవ్వు వినిపించింది. ఆ నవ్వుకు కారణం మా బావ, ఆయన కూతురు, ఇంకా నా లెక్కలు.

బావ అంటే మా అక్క భర్త. నగరిలో నాలుగు పవర్‌లూమ్ మగ్గాలు ఆయనవి. చిన్నప్పటి నుంచీ ఆ మోతలో బతికినందువల్ల చెవులు సగం పనిచేయవు. తనకు వినిపించదు గనక ఎదుటివాళ్లకూ వినిపించదని ఆయన ఉద్దేశం, అందుకని బస్సులో ఆయన నాతో చెప్పే రహస్యాలు కండక్టరుకూ తెలిసిపోయేవి. ఒక్కతే కూతురు. రెండేళ్లు హాస్టల్లో ఉండి ఇంటరు, ఆపైన ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ కోచింగూ చదివి, మూడేళ్ల తర్వాత ఇంటికొచ్చినప్పుడు చాలా తక్కువ మాట్లాడే మనిషిగా వచ్చింది. చేతిలో ఎప్పుడూ ఒక నోటుబుక్కు. అందులో ఏ కాలేజీలో నిరుడు ఎంత ర్యాంకు దాకా సీటు వచ్చిందో ఎర్ర ఇంకుతో రాసుకునేది. అక్క అడిగేది ఒక్కటే, హాస్టల్లో అన్నం బాగుంటుందా అని. దానికి జవాబు ఆ నోటుబుక్కులో ఉండేది కాదు.

ర్యాంకు వచ్చిన నాలుగో రోజు బావ మా ఇంటికొచ్చి, చెప్పులు కూడా విడవకుండా, "ఏమబ్బా, కంటితో సూడకుండా, సేత్తో తడమకుండా గుడ్డే కొనం. పిల్లనెట్ట పంపిస్తాం? పద, కాలేజీలు సూసొద్దాం" అన్నాడు. ఇది కంప్యూటర్లో నొక్కే పని, చూడాల్సిందేమీ లేదని చెప్పాను. ఆయనకు వినపడలేదు. వినపడలేదని నేననుకుంటున్నాను గానీ, ఇష్టం లేని మాటలు ఆయనకు ఇంకాస్త తక్కువగా వినిపిస్తాయని మా అక్క అనుమానం. అలా ఇద్దరం బస్సెక్కి కడప చూశాం, కర్నూలు చూశాం, నెల్లూరు కూడా చూశాం. నెల్లూరు వెళ్లేటప్పుడు గూడూరులో బస్సెక్కిన వాళ్ల బస్తాల్లోంచి నిమ్మకాయల వాసన దిగేదాకా మాతోనే వచ్చింది. కర్నూలు మటుకు ఆయనకు దూరమనిపించింది. దారిలో మూడుసార్లు నిద్రపోయి లేచి, మూడుసార్లూ "ఇంకా రాలేదా" అని అడిగాడు. బస్సంతా నిద్ర లేచింది.

ఎక్కడికెళ్లినా ఆయన కాలేజీ భవనం వైపు తలెత్తి చూసేవాడు కాదు. నేరుగా ఆసుపత్రి ఓపీ దగ్గరికి వెళ్లి, చీటీ కోసం కూర్చున్న వాళ్ల మధ్య తానూ ఒక రోగిలా కూర్చునేవాడు. తిరుపతిలోనూ అంతే. పక్కన ఐరాల నుంచి వచ్చిన ఒక ముసలమ్మ కూర్చొని ఉంది. మోకాళ్ల నొప్పులు. బావ ఆమెను అందరికీ వినిపించేలా అడిగాడు. "ఏమ్మా, ఈడ సదివే పిలకాయలు మంచోళ్లేనా?"

ఆమె తగ్గలేదు, ఆమెకూ చెవుడే. "మంచోళ్లే నాయనా. పోయిన తూరి ఒక పాప నా సెయ్యి పట్టుకోని ఊరడిగింది, పేరడిగింది, తిన్నావా అవ్వా అనడిగింది. మా ఇంట్లోనే ఎవురూ అడగరు ఆ మాట."

అంతే. బావ లేచి పంచె సర్దుకున్నాడు. "మన పాప ఈడే సదవాల" అన్నాడు. అక్కడినుంచి రేణిగుంట మీదుగా నగరికి పోయే బస్సులో కూర్చున్నాక, పొద్దున్నే మొదటి బస్సెక్కితే కాలేజీ మొదలయ్యే వేళకి తిరుపతిలో ఉండొచ్చనీ, అక్క వండిన అన్నం వేడిగా హాస్టలుకు చేర్చొచ్చనీ లెక్క వేశాడు. రోజూనా అని అడిగాను. "దినామూ కాదబ్బా, దినం మార్సి దినం" అన్నాడు.

ఆప్షన్లు పెట్టాల్సిన రోజు ఆదివారం. పొద్దున పది గంటలకు నా లాప్‌టాప్ తీసుకొని నగరి వెళ్లాను. మగ్గాలు ఆపేశారు. అక్క దేవుడి పటం ముందు దీపం పెట్టి, నా ముందు ఉప్మా పెట్టింది. నోటుబుక్కు ప్రకారం మా మేనకోడలి ర్యాంకుకు నిరుడైతే తిరుపతి కొద్దిలో తప్పిపోయేది, కర్నూలు సరిగ్గా అందేది. నేను గొంతు సవరించుకొని, పదో తరగతికి పాఠం చెప్పేవాడిలా ఒక సిద్ధాంతం చెప్పాను. "సూడు బావా, పెండ్లిలో మొదటి బంతికి చోటు దొరుకుతుందని ఒక హాలు ముందరే నిలబడితే, అది దొరకదు. ఈలోపల పక్క హాల్లో ఆకులన్నీ నిండిపోతాయి. తిరుపతి ముందు పెడితే రాదు. మన రెండో పేరు కాడికి వచ్చేసరికి, కర్నూలునే ముందు పెట్టుకున్నోళ్లు ఆడ కూర్చోనుంటారు. అందుకే కర్నూలు పైన, తిరుపతి కింద."

బావ "మన ర్యాంకు మనదే గదా. తిరుపతి పైన పెడితే పొయ్యేదేముండాది?" అన్నాడు.

నేను నవ్వాను. ఐదో తరగతి దాటని మనిషి అడిగిన ప్రశ్నకు ముప్ఫై ఏళ్ల లెక్కల మాస్టరు నవ్విన ఆ నవ్వు ఇప్పటికీ నాకు గుర్తుంది. కోడలు నా వైపు ఒకసారి, వాళ్ల నాయన వైపు ఒకసారి చూసింది. ఏదో చెప్పబోయి ఆగింది. ఆ తర్వాత, "మామ చెప్పినట్టే పెడదాం నాయనా" అని, కర్నూలును మొదటి వరసలోకి జరిపింది. బావ లేచి మగ్గాల షెడ్డులోకి వెళ్లాడు. ఆదివారం మగ్గాలు నడవవని అందరికీ తెలుసు.

కర్నూలు వచ్చింది. అక్క వీధంతా చక్కెర పంచింది. వారం తర్వాత ఏ కాలేజీలో చివరి సీటు ఏ ర్యాంకుకు వచ్చిందో పట్టిక వస్తే, అలవాటు కొద్దీ చూశాను. ఆ ఏడు తిరుపతిలో చివరి సీటు మా కోడలి కంటే చాలా వెనకున్న ర్యాంకుకు వచ్చింది. అప్పుడు కూర్చొని నిబంధనలు చదివాను. కంప్యూటరు ర్యాంకు వరసలో ఒక్కొక్కరినే పిలుస్తుంది. మన వంతు వచ్చినప్పుడు మన పట్టికను పైనుంచి కిందికి చూసి, ఏది మొదట ఖాళీ ఉంటే అది ఇస్తుంది. వెనక ర్యాంకు వాళ్లు ఏది ముందు పెట్టుకున్నా మన చోట్లో కూర్చోలేరు. బావ అడిగిన ప్రశ్నకు జవాబు, ఏమీ పోదు. రెండో విడతలో పైకి జరగొచ్చన్నారు గానీ, మా పట్టికలో కర్నూలుకు పైన ఏమీ లేదు.

మర్నాడే నగరి వెళ్లాను. షెడ్డులో నాలుగు మగ్గాలూ ఆడుతున్నాయి. చెప్పాల్సింది చెప్పాను, వినపడలేదు. గట్టిగా చెప్పాను, చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఇంకా గట్టిగా, "తప్పు నాది బావా, తిరుపతి వచ్చేది!" అని అరిచిన క్షణంలోనే కరెంటు పోయింది. నా మాట వీధి చివరి దాకా వెళ్లింది. ఎదురింటి వాళ్లు తలుపు తీసి చూశారు. బావ తెగిన పోగు ఒకటి ముడివేసి, నా ముఖం చూడకుండా, "పోనీలే అబ్బా. కర్నూల్లో మాత్రం జబ్బులుండవా?" అన్నాడు. అంతకంటే తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత ఐదేళ్ల పైన, నెలకోసారి ఆయన నగరి నుంచి తిరుపతి వచ్చి కర్నూలు బస్సెక్కేవాడు. ప్రతిసారీ నేను బస్టాండుకు వెళ్లి ఆయన సంచి మోసేవాణ్ని. సంచిలో అక్క చేసిన చెనిక్కాయల పొడి, మురుకులు ఉండేవి. వేడన్నం మాత్రం ఉండేది కాదు. ఆ దూరానికి అది నిలవదు. నా మోకాళ్లకు ఆ సంచి బరువే అయినా ఇంకెవరినీ ముట్టనిచ్చేవాణ్ని కాదు. మా ఇంటావిడ దీన్ని నా నెలనెలా మొక్కు అనేది.

హౌస్ సర్జన్సీ చివర్లో సెలవు మీద వచ్చిన కోడలు, ఒక మధ్యాహ్నం మా ఇంట్లో అన్నం తింటూ ఉండగా ఇక ఉండబట్టలేక అన్నాను, "నా వల్ల నీకు తిరుపతి పోయిందమ్మా" అని. ఆమె పప్పు కలుపుకుంటూ, "మామా, ఆ రూలు నేను చదివినాను. అప్పుడే, మీరు నగరికి రాకముందే" అంది.

"మరి చెప్పలేదే?"

"తిరుపతైతే నాయన దినం మార్చి దినం క్యారియరు తెచ్చుంటాడు. వద్దంటే ఏడుస్తాడు. నేను ఆడికి పోయేది డాక్టరు కావడానికి గదా మామా, పాపగా ఉండేదానికి కాదు. నేను కర్నూలంటే బాధపడతాడు. అదే మాట మీరంటే లెక్క అనుకుంటాడు." ముద్ద మింగి, "నాయనకు చెప్పొద్దు మీరు" అంది. పెరుగు వడ్డించమని చెయ్యి చాపింది.

మొదట మనసు తేలికైంది. ఆ వెనకే కొంచెం అవమానంగానూ అనిపించింది. ఆమె జీవితంలో ఒక పెద్ద మలుపు నా చేతిమీదుగా జరిగిందని, అది చెడ్డదే అయినా, ఇన్నేళ్లూ లోలోపల ఒక గొప్ప ఉండేది కాబోలు. బావకు నేను చెప్పలేదు. ఆయనా ఆ మాట మళ్లీ ఎత్తలేదు. కర్నూలు ఆసుపత్రి బెంచీ మీద పరిచయమైన వాళ్ల క్షేమసమాచారాలు మాత్రం ఇప్పటికీ ఫోన్లో అరుస్తూ చెబుతుంటాడు. ఎవరికి ఆపరేషనైంది, ఎవరి బిడ్డకు పెళ్లైంది, అన్నీ. కోడలు ఈ మధ్య పీజీ కోసం మళ్లీ పట్టిక పెట్టింది. ఎవరినీ అడగలేదు, పెట్టాక అందరికీ చెప్పింది.

నా తప్పు అనుకుని మోసిన ఐదేళ్లలో ప్రతి నెలా, ప్రతి బస్సూ నాకు విడివిడిగా గుర్తున్నాయి. తప్పు కాదని తెలిసి తేలికపడిన ఈ రెండేళ్లు మాత్రం ఎటు పోయాయో ఎంత వెతికినా దొరకవు.