ఊగే పన్ను

గ్రైండింగ్ చక్రాలు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ని పట్టు మేస్త్రి అంటారు. ఇనుమును అరగదీసే గరుకు గింజల్లో ఎంత మట్టి కలపాలో చిటికెడు పిండిని వేళ్ల మధ్య నలిపి చెప్పేస్తాడు. బట్టీలో కాలిన ఆ మట్టే గింజల్ని పట్టి ఉంచుతుంది. కానీ పట్టు ఎక్కువైతే ఆయనకు ఒళ్లు మంట. “మొద్దుబారిన గింజని చక్రం వదిలెయ్యాలి. అప్పుడే కింద పదునైన కొత్త గింజ తేలుతుంది. వదలని చక్రం మెరుస్తుందంతే, ఇనుము అరగదు” అని వచ్చినవాళ్లకల్లా పాఠం చెబుతాడు. ఆయన ముందుపన్ను మాత్రం రెండేళ్లుగా ఊగుతోంది. పళ్ల డాక్టరంటే హడల్. ముద్ద ఎడమ దవడకే, నవ్వు సగమే. “ఆ ముక్కేదో మీ పన్నుకి చెప్పరాదూ?” అని భార్య అంటే, వినపడనట్టు మంచినీళ్లు తాగుతాడు.

మొన్న ఒకాయన చక్రం పనిచెయ్యడంలేదని పట్టుకొచ్చాడు. మేస్త్రి పిండి తొట్టి మీదికి వంగి, చెయ్యెత్తి, “వదిలెయ్యాలండీ, వది…” అన్నాడో లేదో, పన్ను ఎగిరి తొట్టిలో పడింది. తొట్టెడు పిండీ జల్లెడ పడితే పైన అదొక్కటే మిగిలింది. సాయంత్రం దాన్ని కాగితంలో చుట్టి తెచ్చి భార్య ముందు పెట్టాడు. “మట్టి తక్కువైంది” అన్నాడు గంభీరంగా, మాటల మధ్య గాలి పోతుండగా. ఆవిడ పన్నునీ ఆయన నోటినీ మార్చి మార్చి చూసింది.

“సరే గానీ, కింద కొత్త గింజ ఎప్పుడు తేలుతుందండీ?”