మాట అయ్యాకే లేచే మనిషి

మా పక్క క్వార్టర్ అత్త సోమవారం పొద్దున్న పోయింది. వర్క్‌షాపు సైరన్ మోగాక కబురు తెలిసింది. ఆమె ఆత్మకు శాంతి కలగాలని నేను రాయను. శాంతంగా ఉండడం ఆమెకు ఏనాడూ చేతకాలేదు. అందుకే నేనివాళ బతికున్నాను.

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో మన ఆడవాళ్ళు డాక్టరు దగ్గరికి వెళ్ళే పద్ధతి ఒకటుంది. మొగుడు ముందు నిలబడి జబ్బు చెప్తాడు, జబ్బున్న మనిషి వెనక తల వంచుకుని ఉంటుంది. రెండో కాన్పు తర్వాత నేనూ అలాగే పూరీ గేట్ పేటలో ఉండే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. "కొంచెం నీరసం" అన్నారు మా ఆయన. రక్తం పోవడం ఆగలేదని నేను ఆయనకు చెప్తేగా! టానిక్ సీసాతో ఇంటికొచ్చాం.

మర్నాడు బట్టలుతుకుతూ పెరట్లో కూలబడ్డాను. అత్త చూసి, నిలదీసి, ఉన్నదంతా చెప్పించింది. సాయంత్రం నన్నూ మా ఆయన్నీ మళ్ళీ అక్కడికే లాక్కెళ్ళింది. రిక్షాలో ఒకటే మాట. "నీకు ఏది సెప్పడానికి సిగ్గేస్తాదో అదే ముందు సెప్పాల. మిగతాది ఆయనే అడుగుతాడు."

గుమ్మం దగ్గర మా ఆయన్ని ఆపేసింది. "నువ్విక్కడే నిలబడు బాబూ. రోగం నీది కాదు."

నేను గోడకేసి చూస్తూ చెప్పాను. అత్త దాన్ని తనకొచ్చిన బెంగాలీలోకి మార్చి, ఏదీ దాచకుండా చెప్పింది. డాక్టరు పరీక్ష చేసి వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళమన్నారు. బయట వరసలో జనం గొణుగుతున్నా అత్త స్టూలు మీంచి లేవలేదు. "అక్కడేటి సేస్తారు? బిడ్డకి పాలివ్వొచ్చా? ఇంకోసారి సెప్పండి డాక్టర్‌బాబూ, కంగారులో మర్సిపోతాం." ఇంకా ఆలస్యమైతే దక్కేదాన్ని కానని ఆసుపత్రిలో అన్నారు.

ఆ తర్వాత ఎంతమందికి తోడెళ్ళిందో! కాలనీలో గయ్యాళి అన్నారు. అననివ్వండి. అలాంటి గయ్యాళి వీధికొకరుంటే ఎంతమంది పిల్లలకు తల్లులు మిగిలేవారో. ఆమె మీద నాకున్న ప్రేమ కంటే, ఆమెను అలా అన్నవాళ్ళ మీద కోపమే ఈరోజు ఎక్కువగా ఉంది.

మొన్న వానల్లో ఆమెకే ఆయాసం మొదలైంది. కొడుకూ నేనూ తీసుకెళ్ళాం. "అమ్మకి కొంచెం నీరసం..." అని కొడుకు మొదలుపెట్టాడు.

"ఆగరా. ఆయాసం నాది. బయట నిలబడు." తర్వాత డాక్టరు వైపు తిరిగింది. "ఇది తగ్గుతాదా, తగ్గదా? నా మొగం సూసి సెప్పండి."

డాక్టరు కలం కింద పెట్టి, గుండె బాగా పాడైందని, ఇక తగ్గదని చెప్పారు. నాకు ఏడుపొచ్చింది. ఆమె స్టూలు ఇంకాస్త ముందుకు జరుపుకుంది.

"ఠీక్ హై. సేపలు తినొచ్చా?"

ఉప్పు తగ్గించి తినమన్నారు. బయటికొచ్చి కొడుక్కి విషయం తనే చెప్పి, తిన్నగా బజారుకి నడిపించింది. వెనక అతను సంచి పట్టుకుని కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆమె ఆయాసపడుతూనే చేపలవాడి బుట్ట మీదికి వంగి, చేప మొప్ప ఎత్తి చూసింది.

"ఇది నిన్నటిది దాదా. తాజాది తియ్యి."