మింగిన మాత్ర ఎక్కడికి పోయింది

బట్టలు కుట్టే కార్ఖానాలో అందరూ ఆమెను కాజాలక్క అంటారు. చొక్కాకు కాజాలు తియ్యడంలో ఆమె చెయ్యి పడితే తిరుగులేదు. అలాంటి మనిషి చలికాలం మొదలైన దగ్గర్నుంచీ ఒక్క చొక్కా ముగించేసరికే నీరసించి, మిషను మీద తల వాల్చేస్తోంది. పొద్దున మంచం దిగాలంటే ఒంటి మీద తడి దుప్పట్ల మోపు పెట్టినట్టుంటోంది.

డాక్టరమ్మ ఇది దిగులు జబ్బని చెప్పి మాత్రలు రాసింది. అవే మాత్రలు వేసుకుని ఆడపడుచు అంతకు ముందే శుభ్రంగా తేరుకుంది. ఇక మొగుడు ఊరుకుంటాడా? మా చెల్లికి పట్టిన మందు నీకెందుకు పట్టదని రోజూ అదే పాట. మోతాదు పెంచినా గుణం కనిపించలేదు. చివరికి రక్తంలో మందు ఎంతుందో పరీక్ష చేయించారు. ఉండాల్సిన దాంట్లో పావు వంతు కూడా లేదు.

మొగుడిది బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం. లోకంలో ప్రతివాడూ టికెట్ లేకుండానే ఎక్కుతాడని ఆయన గట్టి నమ్మకం. పెళ్లాం మాత్రలు పారేస్తోందని అక్కడికక్కడే తేల్చేశాడు. ఆ రోజు నుంచి మాత్ర ఆయన చేతి మీదుగానే. గ్లాసు అందించి, గుటక పడేదాకా ఎదురుగా నిలబడి, ఆపైన నాలుక ఎత్తమనేవాడు. ఆమె ఎత్తేది. నేను మింగుతూనే ఉన్నానని మొదట్లో చెప్పుకుంది. తర్వాత ఆ ఓపికా పోయింది. ఉన్న నిజం చెప్పీ చెప్పీ అలిసిపోవడం జబ్బుకన్నా పాపిష్టిది. కొన్నాళ్లకు ఆమెకే అనుమానం పట్టుకుంది, నేనే ఎక్కడో తప్పు చేస్తున్నానేమోనని.

మళ్లీ రక్తం తీశారు. ఈసారీ అంతే.

డాక్టరమ్మ ఆ ఫలితం చూసి, రోజూ మింగుతోందా అని ఆయన్నే అడిగింది. తన చేత్తోనే వేస్తున్నానని ఆయన నసుగుతూ ఒప్పుకున్నాడు. కొందరి కాలేయం ఈ మందును వచ్చింది వచ్చినట్టే కరిగించేస్తుందనీ, ఆడపడుచుకూ ఈమెకూ తేడా అక్కడే ఉండొచ్చనీ, అలా తొందరగా కరగని వేరే మాత్ర రాస్తాననీ ఆవిడ చెప్పింది.

"ఇందులో మీ తప్పేం లేదమ్మా. మీరు రోజూ మింగారు. అది ఒంట్లో నిలవలేదు, అంతే."

కొత్త మందుచీటీ ఇచ్చినా కాజాలక్క చెయ్యి చాపలేదు. కుర్చీలోంచి లేవనూ లేదు.

"ఆ మాట ఆయన వైపు తిరిగి ఇంకోసారి చెప్పండి," అంది.