ఆ అర శృతి

ఈ బరువును ఇన్నేళ్లుగా ఎవరి ఎదుటా దించలేదు. నా భార్యకూ తెలియదు. మీరెవరో నేను ఎరగను కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

నేనూ యాదగిరీ లాల్‌దర్వాజాలో ఒకే గల్లీవాళ్లం. సంగీతం డిగ్రీలో కలిసే చేరాం. ఇద్దరిదీ గాత్రమే. వాళ్ల నాన్నది పాల వ్యాపారం. ఫస్ట్ క్లాసు వస్తే పై చదువుకు పంపుతానని, రాకపోతే బర్రెల దగ్గరికి రావాల్సిందేనని ఆయన కొడుక్కి ముందే చెప్పాడు. ఆ సంగతి నాకు తెలుసు. తెలియదని అనలేను.

ఇద్దరికీ కలిపి ఒకటే శృతిపెట్టె, యాదిది. వాడు ఒకటిన్నర శృతిలో పాడేవాడు, నేను రెండులో. ఒకరు పాడుతుంటే మరొకరు వెనక కూర్చుని పెట్టె చూసుకునేవాళ్లం. మీట తిప్పి శృతి మార్చడం వెనకున్నవాడి పని. పాడేవాడు తిరిగి చూసేవాడు కాదు. అంత నమ్మకం.

చివరి ఏడాది ప్రాక్టికల్స్‌లో ముందు నేను పాడాను. తర్వాత వాడు కూర్చున్నాడు. నేను వెనక్కి జరిగాను. మీట తిప్పడం మరిచిపోయాను. నిజంగానే మరిచిపోయాను. కానీ వాడు రాగం ఎత్తుకోగానే తెలిసిపోయింది. అది నా శృతి. వాడికి అర మెట్టు ఎక్కువ. పరీక్ష కంగారులో వాడు పోల్చుకోలేదు.

"సార్, ఒక్క నిమిషం" అంటే సరిపోయేది. నా చెయ్యి ఒళ్లోంచి లేవలేదు. భయమా? చాలాకాలం అలాగే చెప్పుకున్నాను. కాదు. వాడు పాడితే మా గురువుగారు కళ్లు మూసుకుని వినేవారు, నేను పాడితే గడియారం చూసేవారు; ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, వాడి గొంతు తడబడితే ఎలా ఉంటుందో వినాలని నాలో ఎవడో కాచుకుని ఉన్నాడు, వాడూ నేనే. విన్నాను. తారస్థాయిలో యాది గొంతు పగిలింది. మళ్లీ ఎత్తుకున్నాడు. మళ్లీ పగిలింది.

బయట చాయ్ బండి దగ్గర వాడు గ్లాసు పక్కన పెట్టాడు. తర్వాత అన్నాడు:

"ఏందిరా గిట్లయింది? పైకి పోంగనే ఎవడో గొంతు పిసికినట్టయింది."

"ఫికర్ జెయ్యకు భాయ్. టెన్షన్ల గట్లనే అయితది."

"టెన్షన్ గాదురా. బాపు అన్నదే నిజం. గీ గొంతు బర్రెల పిల్వనీకే పనికొస్తది."

నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వే నన్ను ఎక్కువ బాధిస్తుంది.

వాడికి ఫస్ట్ క్లాసు తప్పింది. శృతిపెట్టె తెచ్చి నాకిచ్చి, "నువ్వన్న పాడు" అని పాలక్యాన్ల దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ పెట్టెతోనే నేను పై చదువు పూర్తిచేశాను. ఇప్పుడు జల్‌పల్లిలో పిల్లలకు సంగీతం నేర్పుతున్నాను.

మొన్న యాది తన కూతుర్ని నా దగ్గర చేర్చడానికి వచ్చాడు. "దీనికి నా గొంతు రాకుంటె సాలు" అన్నాడు, ఆ పిల్ల ముందే. చెప్పాలని నోరు తెరిచాను. చాయ్ తాగుతావా అని అడిగాను.

మరిచిపోవడాన్ని ఎవరైనా క్షమిస్తారు. గుర్తొచ్చాక ఊరుకోవడాన్ని?

యాదీ, ఆ రోజు నీ గొంతు తప్పలేదు. పెట్టె నా శృతిలో ఉంది. తెలిసే ఊరుకున్నాను.

రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. ఆ మాత్రం తేలికకే సిగ్గుగా ఉంది. లాల్‌దర్వాజాలో వాడింకా తన గొంతునే తిట్టుకుంటున్నాడు.