తొమ్మిది వరసల జపం

ఆయుధపూజ పేరుతో ఈ ఉదయం మా ఆఫీసులో ప్రింటర్‌కి పూలదండ వేశారు. నా కంప్యూటర్‌కి కుంకుమ బొట్టు పెట్టారు. ఏడాదంతా నేను దాన్ని తిట్టిన తిట్లకు అది ప్రాయశ్చిత్తం కావచ్చు. గుమ్మానికి కట్టిన తోరణంలోంచి ఒక మామిడాకు జారి నా బల్ల మీద పడింది. అలవాటుగా దాన్ని మడిచి నలిపాను. పచ్చిగా, వగరుగా, అడుగున కాస్త ఘాటుగా ఉండే ఆ వాసన తగిలేసరికి, విజయవాడలో మూడో అంతస్తులో ఉన్నవాణ్ణి కాస్తా ముసునూరు దారిలోని రాజ్యం మామ్మగారి తోటలో తేలాను. ఒట్టి కాళ్లతో, మొదటి వరస మొదటి చెట్టు దగ్గర.

రాజ్యం మామ్మగారు మాకు చుట్టం కాదు, పక్కింటావిడ. పక్కిల్లంటే మధ్యలో వాళ్ల మామిడితోట ఉంటుంది. ఆవిడ చేతుల నిండా సొన మచ్చలు. కాయ కోసినప్పుడు తొడిమ దగ్గర చిమ్మే సొన చర్మాన్ని కాలుస్తుంది. నలభై వేసవులు కోతలకు దగ్గరుండి నిలబడిన మనిషి కాబట్టి మోచేతుల దాకా మచ్చలే. పెళ్లై వచ్చిన నాటి నుంచీ తెల్లవారగానే ఆ తోటలో తిరుగుతూ జపం చేసుకునేది. నా ఇంజనీరింగు పూర్తయిన ఏడాది ఆవిడ కళ్లకు నీటికాసులు, అదే గ్లకోమా, అన్నారు. ఉగాది నాటికి చూపు మిగలకపోవచ్చని డాక్టరు తేల్చేశాడు. ఆవిడ ఏడవలేదు, గుళ్లు తిరగలేదు. "కళ్లున్నప్పుడే కాళ్లకు దారి నేర్పించుకోవాలి. ఈ నవరాత్రుల్లో అదే నా దీక్ష," అంది. చూపు పోయాక కూడా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఆ తోట తిరిగి జపం చేసుకోవాలి. ఆవిడ కోరుకున్నది అదొక్కటే.

నాకప్పుడు ఉద్యోగం వచ్చింది గానీ కంపెనీవాళ్లు రమ్మనడం లేదు. ఇంట్లో కూర్చుని అందరి కష్టాల మీదా జోకులు వేస్తున్నాను. వినలేక మా అమ్మ, "ఈ తొమ్మిది రోజులూ ఆవిడకు తోడు వెళ్లు. ఆవిడ పడకుండా చూడు, మేం కాసేపు ప్రశాంతంగా ఉంటాం," అని పంపించింది.

"చెప్పులు విప్పు," అంది మామ్మగారు పాడ్యమి నాటి ఉదయం.

"ముళ్లుంటాయేమో మామ్మగారూ."

"ఉంటే తెలుస్తాయి. అందుకే విప్పమంది."

పద్ధతి తేలికే. చెట్టు మీద చెయ్యి వెయ్యాలి, "శ్రీమాత్రే నమః" అనాలి, తరువాతి చెట్టుకు నడవాలి. ఆవిడతో పాటు నేనూ అనాలి. వరసకు పన్నెండు చెట్లు, తొమ్మిది వరసలు, మొత్తం నూట ఎనిమిది. "మీ మామగారు ఎంత భక్తితో నాటారండీ," అన్నాను. "భక్తా, పాడా? ఆయనకున్న రెండున్నర ఎకరాల్లో అంతకంటే పట్టలేదు," అంది. అప్పటిదాకా మా ఊళ్లో పటాటోపం గాలి తీసేవాణ్ణి నేనొక్కణ్ణే అనుకునేవాణ్ణి.

ఆరో వరసలో ఐదో చెట్టు లేదు. అంతకు ముందెప్పుడో తుఫానుకు పడిపోయింది, గొయ్యి కూడా పూడిపోయింది. మామ్మగారు అక్కడా ఆగి, గాలిలో చెయ్యి పెట్టి మంత్రం చెప్పింది.

"చెట్టు లేదుగా. నూట ఏడుతో సరిపెట్టేద్దాం," అన్నాను.

"అది పోయిందిరా చందూ. నేనింకా వస్తున్నానుగా."

చిక్కల్లా చివర్లో వచ్చింది. ఒక వరస వెంట పోయి, పక్క వరస వెంట తిరిగి వస్తాం కదా, తొమ్మిదో వరస పూర్తయ్యేసరికి తోటకు ఆ చివర, కంచె దగ్గర తేలతాం. అక్కడి నుంచి ఇంటి అరుగు దాకా ఖాళీగా నడిచి రావాలి. "ఇప్పుడేం చదవాలి?" అన్నాను. "ఏమీ వద్దు. మాట్లాడకుండా రావాలి, అంతే," అంది. ఎండుటాకుల మీద మా అడుగుల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. మంత్రం నూట ఎనిమిది సార్లు అనడం నాకు కష్టమనిపించలేదు. నోరు మూసుకుని ఆ నాలుగు నిమిషాలు నడవడం మాత్రం నా వల్ల కాలేదు. మాట్లాడేది లేకపోతే రాని జీతం, నాతో మాటలు తగ్గించేసిన నాన్న, అన్నీ ఒక్కసారిగా వచ్చి మీద కూర్చుంటాయి.

అందుకని మూడో రోజు నాలుగో వరస ఎగ్గొట్టాను. మూడో వరస చివర మామ్మగారి మోచెయ్యి పట్టుకుని కొంచెం ఎక్కువ దూరం నడిపించి ఐదో వరసలోకి తిప్పాను. ఎనిమిది వరసలైతే నడక సరిగ్గా ఇంటి ముందే ముగుస్తుంది, మౌనంతో పని లేదు. ఆవిడ ఏమీ అనలేదు. నా తెలివికి నేనే మురిసి నాలుగో రోజూ అదే చేశాను, ఐదో రోజూ అదే చేశాను.

ఐదో రోజు మధ్యాహ్నం మామ్మగారు తోటలో పడిపోయింది. ఒంటరిగా వెళ్లి, నీళ్ల పైపు కాలికి తగిలి బోర్లా పడింది. మణికట్టు విరిగింది. ఆవిడ కొడుకు ప్రసాద్ బాబాయ్ కట్టు కట్టించి తీసుకొచ్చి, "ఇక తోట మాటెత్తకమ్మా. కుర్చీలో కూర్చుని చేసుకో," అన్నాడు. ఆవిడ పడింది నాలుగో వరసలో అని మా అమ్మ చెప్పింది. నేను ఎగ్గొట్టిన వరస.

మర్నాడు పొద్దున్నే వాళ్లింటికి వెళ్లాను. "బాబాయ్, మామ్మగారు పడింది నా వల్ల," అన్నాను. ఏదో జోకు రాబోతోందని బాబాయ్ అలవాటుగా నవ్వు ముఖం పెట్టాడు. ఎంతసేపటికీ అది రాలేదు. జరిగింది మొత్తం చెప్పాను. ఆయన కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

"నువ్వు ఎగ్గొట్టిన మొదటి రోజే నాకు తెలుసు," అంది మామ్మగారు కుర్చీలోంచి. "తొమ్మిది వరసలు తిరిగితే కంచె దగ్గర తేలాలి. నువ్వేమో నన్ను తిన్నగా నా అరుగు మీదే దించావు. నీకు ఇంజనీరింగు డిగ్రీ ఎవరిచ్చార్రా?"

"మరి అడగలేదేంటండీ?"

"అడిగితే మర్నాడు రావు. ఎనిమిది వరసలకైనా వస్తున్నావు కదా అని ఊరుకున్నా. ఆ పన్నెండు చెట్లూ మధ్యాహ్నం నేనే పూర్తి చేసుకుంటున్నా."

మూడు రోజులు నేను మిగిల్చిన పన్నెండు చెట్లను, నన్ను ఒక్క మాట అనకుండా, సగం చూపుతో ఆవిడ పూర్తి చేస్తూ వచ్చింది. దాని మీద వెయ్యడానికి నా దగ్గర జోకు లేదు. ఇప్పటికీ లేదు.

"కుర్చీలో కూర్చుంటే నాకు నిద్రొస్తుంది, అమ్మవారు రాదు," అంది కొడుకుతో. "సరే, నేను వెళ్లను. వీడు వెళతాడు. ఫోన్లో నేను తిప్పుతా."

మిగిలిన నాలుగు రోజులూ ఫోను చొక్కా జేబులో పెట్టుకుని నేనొక్కణ్ణే తోట తిరిగాను. ఒక్కో చెట్టు దగ్గరా ఆవిడ గొంతు నాకంటే ముందుండేది. "రెండో వరస ఏడోది, మొదలు దగ్గర బుడిపె ఉంటుంది, కాలు చూసుకో." ఉండేది. "నాలుగో వరస తొమ్మిదోది, ఎడమ కొమ్మ కిందికి ఉంటుంది, వంగు." వంగేలోపే నుదురు తగిలేది. "తగిలిందా?" అని ఫోన్లో ఆవిడ నవ్వేది. కుర్చీలో కూర్చున్న మనిషికి కనబడుతున్న తోట, అందులో నిలబడ్డ నాకు కనబడలేదు. జపం అయ్యాక పైపులన్నీ కంచె వైపు లాగి, పుల్లలూ రాళ్లూ ఏరేసేవాణ్ణి. ఎవరూ చెప్పలేదు.

దశమి ఉదయం ఆవిడ కొడుకును అడిగింది. "కళ్లకు గుడ్డ కట్టుకుని తిరుగుతాను. వీడు వెనకాల వస్తాడు, ముట్టుకోడు. ఒక్కసారి కాలు తడబడితే ఆ కుర్చీలోనే ఉండిపోతాను." బాబాయ్ గుడ్డ తనే కట్టాడు.

ఆవిడ నడిచింది. విరిగిన చెయ్యి గుండెకు ఆనించుకుని, రెండో చెయ్యి ముందుకు చాచి, తడుముకోకుండా నడిచింది. నాలుగో వరస తొమ్మిదో చెట్టు దగ్గర ఎవరూ చెప్పకుండానే వంగింది. ఆరో వరసలో నాలుగు చెట్లు దాటాక, బాబాయ్ గుప్పెళ్లు బిగించి చూస్తుండగా, సరిగ్గా ఆ ఖాళీ చోట ఆగింది. చెట్టు ఉంటే మాను ఎక్కడ ఉండేదో అక్కడ, ఆ ఎత్తున, అరచెయ్యి ఆన్చింది. "శ్రీమాత్రే నమః" అంది. ఒక్క క్షణం ఆ చేతి కింద చెట్టు ఉందనే నాకు అనిపించింది. అలాంటప్పుడు నా నోట్లోంచి ఏదో ఒకటి ఊడిపడుతుంది. ఆ రోజు మంత్రమే వచ్చింది.

కంచె దగ్గర బాబాయ్ గుడ్డ విప్పుతూ, "పైపులు ఇక ఇటు రానివ్వనమ్మా," అన్నాడు. అంతకంటే ఒప్పుకోవడం ఆయనకు తెలియదు. ముగ్గురం మాట్లాడకుండా అరుగు దాకా వచ్చాం. ఉగాదికి ముందే చూపు పూర్తిగా పోయింది. తరువాత మూడేళ్లు, చివరి వారం దాకా, ఆవిడ ఆ తోటలో ఒక్కతే తిరిగింది.

ఇప్పుడు నాకు తోట లేదు. నాలుగు వేళ్లకు పన్నెండు కణుపులు, తొమ్మిది సార్లు. రోజూ పొద్దున్నే గదిలో కూర్చుని బొటనవేలితో తిరిగి వస్తాను. నాలుగో వరస దగ్గర తొందరపడను. ఆరో వరస ఐదో కణుపు దగ్గర కాస్త ఆగుతాను. నూట ఎనిమిదీ అయ్యాక లేవను. కంచె దగ్గర ఉంటాను కాబట్టి తిరిగి రావాలి. ఇంటి సంగతులు, ఆఫీసు సంగతులు అన్నీ వచ్చి మీద కూర్చుంటాయి, కూర్చోనిస్తాను. మామ్మగారి అరుగు వచ్చేదాకా జోకు వెయ్యను.