మా నాయన పీట మీద కూర్చున్న ఆదివారం

మా చిన్నప్పుడు మా కతోలిక పల్లెల్లో ఉపదేశి కావాలంటే జపాలు అప్పజెప్పడం ఒక్కటే చాలదు... పీట మీద కూర్చోవాలి.

ఆ రోజుల్లో గురువుగారు, అంటే మా ఫాదరు, గుర్రమెక్కి ఒక్కో పల్లెకు రెండు నెలలకోసారి వచ్చేవారు. మిగతా ఆదివారాలు జపాలు చెప్పించేది, జబ్బుపడ్డవాళ్ళ పక్కన కూర్చునేది, మొగుడూ పెళ్ళాల తగాదా తీర్చేది ఉపదేశే. అంత పని చేసేవాడికి నోటికన్నా చెవులు పెద్దవిగా ఉండాలని మా గురువుగారి పట్టు. అందుకని ఏడాది శిక్షణలో నెలకొక ఆదివారం, తన బంగళా ఉన్న మా ఊళ్ళో పూజ అయ్యాక, గుడి ముందు పీట వేయించేవారు. నేర్చుకునే మనిషి దాని మీద కూర్చుంటాడు. ఊరివాళ్ళు అతని తప్పులు మొహం మీదే చెబుతారు. అతను కాదనకూడదు, సర్దిచెప్పకూడదు... "దిద్దుకుంటాను" అనాలి. అంతే!

మా నాయన రాయప్ప మార్కాపురం పక్కన పలకరాయి గనిలో రాయి చీల్చేవాడు. ఆయన కోపానికి మేస్త్రీ కూడా పక్కకు తప్పుకునేవాడు. నాకు మాత్రం ఆ కోపమే ఆట. పంచె కొంగు మంచం కోడుకు ముడేసి, దూరంగా నిలబడి పిలిచేదాన్ని. తూలి పడబోయి, "ఓసే రోసమ్మా, నీ వీపు చీలుస్తా ఉండు!" అంటూ వీధంతా తరిమేవాడు. దొరికితే కొట్టింది లేదనుకోండి...

నాయన ఉపదేశి శిక్షణలో చేరాక ఆ ఆట పోయింది. ముడి విప్పుకుని నవ్వేవాడు. చెప్పుల్లో పల్లేరుకాయలు వేశాను... ఏరి పారేసి జపమాల అందుకున్నాడు. చెంబులో కప్పను పెట్టాను... "పాపం, దానికీ దప్పికైనట్టుందిలే" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఎవరో పరాయి మనిషి మా నాయన అంగీ తొడుక్కుని ఇంట్లో తిరుగుతున్నట్టు ఉండేది.

ఈస్టరుకు ముందు నలభై రోజుల తపస్సు కాలంలో ఆఖరి పీట వచ్చింది. అది దాటితే నాయనను బేస్తవారిపేట అవతలి పల్లెకు ఉపదేశిగా పంపుతారు. అమ్మ అప్పుడే చట్టీ కుండా గంపకెత్తేసింది.

మొదట ఆరోగ్యమ్మ అవ్వ లేచింది. "నాయనా రాయప్పా, నువ్వు పాట ఎత్తుకుంటే మా మేకలు చెదిరిపోతుండాయి. కొంచెం మెల్లంగ పాడు."

"దిద్దుకుంటాను అవ్వా."

గనిలో జతగాడు చిన్నప్ప మామ అందుకున్నాడు. "ఏంది బావా, జపానికని కోడికన్నా ముందే తలుపు కొడతావు? ఆ కోడి నిన్ను తిట్టుకుంటాంది!"

"దిద్దుకుంటాను బావా."

అందరూ నవ్వారు. నాయన కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసేసరికి నా ఒళ్ళు మండింది. ఇట్లా కాదు, ఈయన్ను ఎట్లాగైనా పీట మీద నుంచి లేపి తరిమించుకోవాలి అనుకున్నాను. శిక్షణలో ఉన్నవాళ్ళు తపస్సు కాలమంతా గుడ్డు కూడా ముట్టకూడదు. అది నాకు తెలుసు.

"స్వామీ, మొన్న శుక్కురారం మా నాయన కోడిగుడ్డు తిన్నాడు!" అని గురువుగారికి వినబడేలా అరిచాను.

నవ్వులు ఆగిపోయాయి. నాయన నా వైపు చూశాడు. నేను పరుగెత్తడానికి కాలు ఎత్తిపెట్టుకుని ఉన్నాను. ఆయన కదల్లేదు.

"దిద్దుకుంటాను స్వామీ" అన్నాడు.

గురువుగారి మొహం చిన్నబోయింది. "రాయప్పా, ఈ ఏడు నీ పేరు రాయలేను" అని లోపలికి వెళ్ళిపోయారు.

ఇంటికి రాగానే అమ్మ గంప తిరగేసింది. "గుడ్డు యాడిది? మన కోడి పొదుగు మీద ఉండె గదా! నోట్లో నాలిక లేదా నీకు? కాదని ఎందుకు అనలేదు?"

"నేను కాదంటే బిడ్డ అబద్ధమాడిందని పదిమందిలో తేలతాది" అన్నాడు నాయన. "నాకేమి, రాయి కొట్టుకుంటా. అది ఆడపిల్ల. దొంగమాటల పిల్లని పేరు పడితే పెండ్లయి పోయినా వదలదు."

తలుపు చాటున విన్నాను. ఆ ఎండలో చెప్పుల్లేకుండా గురువుగారి బంగళాకు పరుగెత్తాను. వెక్కుతూ ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"ఎందుకు అట్లా చెప్పావు?"

"మా నాయన తిట్టడం మానేసినాడు స్వామీ... తిడతాడేమోనని."

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. నన్ను పంపేశారు.

మరుసటి ఆదివారం పూజ కాగానే పీట వేయించి, తనే దాని మీద కూర్చున్నారు! "అడిగి తెలుసుకోకుండా తీర్పు చెప్పాను. తప్పు నాది" అన్నారు. నా పేరు ఎత్తలేదు. కానీ నాయన తల ఇంకా వంచుకునే ఉన్నాడు. ఆ తల చూడలేక నేనే లేచాను. "గుడ్డు అబద్ధం! నేనే కల్పించినాను!"

మొదట ఆరోగ్యమ్మ అవ్వే తేరుకుంది. "పోనీలే, ఒప్పుకునింది బిడ్డ. స్వామీ, మీరు ఎట్లనూ కూర్చున్నారు గాబట్టి... మీ ప్రసంగం మరీ పొడుగు."

"దిద్దుకుంటాను అవ్వా" అన్నారు గురువుగారు.

ఆ మధ్యాహ్నం ఇంటి ముందు నాయన, "ఓసే రోసమ్మా!" అని ఒక్క కేక పెట్టి తరిమాడు. ఈసారి నేనే ఆగి దొరికిపోయాను. ఎత్తుకున్నాడు.

గురువుగారు నాయన పేరు రాసుకున్నారు. ఈస్టరు, అదే మా పాస్కా పండుగ, అయ్యాక బేస్తవారిపేట అవతలి ఆ పల్లెకు వెళ్ళాం. మా మతం కాని గొర్రెలకాపరులు కూడా తగాదాలు తీసుకుని మా గడపకు వచ్చేవాళ్ళు. నాయన తీర్పులు చెప్పింది తక్కువ. ఇద్దరినీ కడుపులో ఉన్నదంతా చెప్పుకునేదాకా మాట్లాడనిచ్చేవాడు. సగం మందికి కోపం అక్కడే దిగిపోయేది. మూడో తరగతితో బడికి దండం పెట్టినదాన్ని, నాకు గొప్పలు చెప్పుకోవడానికి ఇంకేం లేదు... రాయప్ప ఉపదేశి కూతుర్ని, అదొక్కటే.

ఇప్పటి ఉపదేశులకు సైకిలుంది, ప్రసంగం గడగడా వస్తుంది... ఒక్క మాట అంటే మాత్రం పది జవాబులు. వాళ్ళనేముంది, నేనూ అంతే. చెయ్యని తప్పును బిడ్డ కోసం నెత్తిన వేసుకుని ఊరుకున్న మనిషి మీ ఇంట్లోనూ ఉండే ఉంటాడు. ఆయన సంగతి చెప్పండి... ఈ ఒక్కసారికి అడ్డు రాకుండా వింటాను.